అడిగింది, వచ్చింది

ఫిదాంకా కారు మళ్ళీ నా షెడ్డుకొచ్చింది,
ఈ చలికాలంలో నాలుగోసారి.
స్మోల్యాన్ దాటి రోజెన్ కనుమ ఎక్కుతుంటే
మూడో మలుపులో
ఎవరో వెనకనుంచి కోటు పట్టుకు లాగినట్టు
బండి నీరసపడిపోతుందట.
పసుపు దీపం, నల్లపొగ, వెనక కలప లారీ హారను.
ఆమె మంత్రసాని.
పై ఊళ్ళలో నొప్పులు
ఎవరి టర్బో కోసమూ ఆగవు.

తీగ తగిలించాను.
తెర మీద రెండు వరుసలు:
అడిగింది, వచ్చింది.
అడిగింది రెండువేల వంద మిల్లీబార్లు.
వచ్చింది పదహారు వందల నలభై.
మధ్యలో మాయమైన గాలికి
కంపెనీవాళ్ళు పెట్టిన పేరు
పి సున్నా రెండు తొంభై తొమ్మిది.
చెరిపేస్తే పోతుంది.
కొండెక్కితే వస్తుంది.

మొదటిసారి సెన్సరు మార్చాను.
రెండోసారి వాక్యూమ్ వాల్వు,
ప్లోవ్‌దివ్ నుంచి బస్సులో వచ్చింది,
డ్రైవరు సీటు కింద, అతని బూట్ల పక్కన.
మూడోసారి టర్బోనే దించాను.
చక్రం వేలికి చప్పుడు లేకుండా తిరిగింది,
ఇరుసు అటూ ఇటూ ఆడలేదు,
రెక్కలు పుస్తకం పేజీల్లా తేలిగ్గా కదిలాయి.
తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.
అయినా కడిగాను.
కడిగినందుకు డబ్బు తీసుకున్నాను.

ఇవాళ ఆమె కేకలెయ్యలేదు.
పాత టైర్ల మీద కూర్చుని
నా ఫ్లాస్కులోని ముర్సల్ టీ వంపుకుంది.
"బిడ్డ పుట్టి ఏడవకపోతే
నేను ముందేం చేస్తానో తెలుసా, సెవ్‌దాలిన్?
గుండె దగ్గరికి వెళ్ళను.
నోట్లో వేలు పెట్టి దారి చూస్తాను."

నేను మాట్లాడలేదు.
అలమర వెనక నుంచి నా పొగ డబ్బా తీశాను:
ఖాళీ రంగు డబ్బా, ఒక గ్లో ప్లగ్గు,
అడుగున పసిపిల్లల ఒంటికి రాసే నూనె.
గాలి గొట్టం నోరు గుడ్డతో మూసి
లోపలికి పొగ ఊదాను.
షెడ్డంతా ఉయ్యాల వాసన.
ఆమె టీ కప్పు కిందపెట్టి
"ఇది నా సంచీలోనూ ఉంటుంది" అంది.

చాలాసేపు ఏమీ లేదు.
పంపు ఇంకొంచెం తిప్పాను.
బ్యాటరీ తట్ట కింద,
టార్చి వెలుగు సగమే చేరే చోట,
సన్నగా,
నిద్రలో ఎవరో పెదవులు విప్పినట్టు
తెల్లటి పోగు ఒకటి.

ఇంటర్‌కూలర్ గొట్టం.
పట్టీ కింద రబ్బరు అంచు మడతపడింది.
చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా మూసుకుని
కొండ మీద, బరువు మీద మాత్రమే తెరుచుకునే నోరు.
పోయినేడు ఆకులు రాలేటప్పుడు
ఆ పట్టీ బిగించింది నేనే.
నేను బిగించింది కాబట్టే
మూడుసార్లూ దాని మీదుగా చెయ్యి పోనిచ్చి
పక్కవాటిని అనుమానించాను.
ఇంటిదొంగకి కాపలా కాసింది నా చెయ్యే.

చెబుదామని తల ఎత్తాను.
ఆమె ఫోను మోగింది.
"ఎన్ని నిమిషాలకోసారి?" అంటోంది,
అప్పటికే ఒక చెయ్యి తలుపు పిడి మీద.
అంచు సరిచేసి, పట్టీ బిగించి,
ఇంకోసారి బిగించి, బానెట్ వేశాను.
"అయిందా?"
"అయింది."
అంతే అన్నాను.

బయట మంచులో నిలబడి విన్నాను.
మొదటి మలుపు.
రెండోది, అక్కడ పైన్ చెట్లు కొంచెం మింగేస్తాయి చప్పుడుని.
మూడోది.
ఈల సన్నబడలేదు.
పైకి, పైకి పోయి, కొండ అవతలికి పడింది.

లోపలికొచ్చి మూడు బిల్లులు తీశాను.
మూడు వందల నలభై లెవాలు.
కవర్లో పెట్టి పైన ఆమె పేరు రాశాను.
వేళ్ళకున్న నూనె అంటి
పేరులో రెండక్షరాలు అలుక్కుపోయాయి.
కవరు ఇంకా బల్ల మీదే ఉంది.
అంటించలేదు.