జానెడు

శుక్రవారం సాయంత్రం, సున్నాకి కింద పంతొమ్మిది.
ఆర్విల్ కొట్టం వెనక మంచు తవ్వితే
బోర్లించిన పడవలా బయటపడింది
నా ట్రక్కు తొట్టి మీదికి కావలసిన టోపీ.
అరవై డాలర్లు, ఒక సంచీడు ఎండబెట్టిన జింక మాంసం.
మూడు చలికాలాలు దాని కింద కోళ్లు కాపురమున్నాయట.
"కడిగితే పోతుంది" అన్నాడు ఆర్విల్.
ఏది పోతుందో చెప్పలేదు.

గరాజులో కిరసనాయిలు పొయ్యి వెలిగించాను.
మంచు కరిగేకొద్దీ
కోళ్లన్నీ వాసనై తిరిగొచ్చాయి.

మార్లిస్ షరతు ఒక్కటే:
గరాజులో గంటకి ఇంట్లో గంట.
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద
అక్టోబరు నుంచీ వేలాడుతోంది కాగితం:
స్నానాల గది కుళాయి.
నేలమాళిగ మెట్లలో మూడోదాని మూలుగు.
వెనక తలుపు.
వెనక తలుపు కింద రెండు గీతలు.

శనివారమంతా ఉప్పు కాగితం.
ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద గోధుమరంగు,
ఎన్ని ట్రక్కుల మీద ఎన్ని వేషాలు వేసిందో.
తెల్లపొడి కనుబొమల మీద రాలి
నన్ను మా నాన్నని చేసింది.
కాఫీ తెచ్చిన మార్లిస్ గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది,
కప్పు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పగుళ్లలో జిగురు నింపాను.
దూరంగా ఉంచితే చలికి బిగుసుకోదు,
పొయ్యి దగ్గరికి జరిపితే తొందరపడి పొగలు కక్కుతుంది.
మా అన్నదమ్ములిద్దరూ అంతే.

టోపీ లోపల, కప్పు మీద, ఎవరో పెన్సిలుతో:
నవంబరు 11, గాలి, ఏమీ దొరకలేదు.
నవంబరు 12, ఏమీ దొరకలేదు.
నవంబరు 13, ఇంటికి.
అక్కడ ఉప్పు కాగితం ఆపేశాను.

వెనక అద్దానికి కొత్త రబ్బరు పట్టీ వేశాను.
అది ఆరడానికి తగిన వెచ్చటి చోటు
భోజనాల బల్ల ఒక్కటే.
దాని చుట్టూ మిగిలిన అంచుల మీద
పళ్లేలు ఆనించుకుని ఇద్దరం తిన్నాం.
అద్దంలో దీపం, సూపు ఆవిరి, తలకిందులుగా తన గడ్డం.
"నీ ట్రక్కుతో కలిసి భోంచేయడం
ఇదే మొదటిసారి" అంది.

బాకీ పడ్డ గంటలకి, రాత్రి తొమ్మిదింటికి
చేపలకి వెళ్లే పాత బూటు నాలుక కోసి
కుళాయికి వాషర్ చేశాను.
చుక్క ఆగింది.
ఆ చప్పుడు లేక ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

తెల్లారేసరికి గొట్టం గడ్డకట్టింది.
ఇన్నాళ్లూ దాన్ని కాపాడింది ఆ చుక్కేనట.
బోర్లా పడుకుని, జుట్టారబెట్టుకునే యంత్రంతో
గొట్టానికి వెచ్చటి గాలి పట్టాను.
టార్చి పట్టుకున్న మార్లిస్ నవ్వలేదు.
నవ్వకపోవడానికి ఎంత కష్టపడిందో
గోడ మీద వణికిన వెలుగు చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం
పక్కింటి డెల్మర్, అతని కూతురు తోరా,
నేను, మార్లిస్, తలా ఒక మూల పట్టుకుని
ఒకటి, రెండు, మూడు అని ఎత్తాం.
కొత్త తెల్లరంగు, మంచుకే కళ్లు చెదిరేలా.
దించాం.
క్యాబిన్ వైపు
జానెడు ఖాళీ.

"కొలవలేదా?"
కొలిచాను డెల్మర్,
మంచు కప్పుకున్నప్పుడు, మంచుతో కలిపి.

ట్రక్కుకి టోపీ కొనబోయి
నేనే టోపీ పెట్టించుకున్నానని
ఊరంతటికీ తోరా చెప్పకముందే
ఆర్విల్‌కి ఫోన్ చేశాను.
చాలాసేపు దగ్గి, దగ్గులోంచి నవ్వి,
"కడిగితే కురచైంది కాబోలు" అన్నాడు.

ఇప్పుడది పెరట్లో
రెండు చెక్క గుర్రాల మీద
అద్దం, పట్టీ, తాళం, అన్నీ సరిగ్గా ఉండి,
దేని మీదా లేకుండా ఉంది.
లోపల నవంబరు 13 కింద
పెన్సిలుతో ఈ రోజు తేదీ వేశాను,
ఏమి దొరికిందో రాయలేదు.

ఇంట్లోకొస్తే ఫ్రిజ్ మీద
కుళాయి కొట్టేసి ఉంది, మళ్లీ రాసి ఉంది.
అడుగున కొత్త వరస, తన చేతిరాత:
ఏప్రిల్లో కోడిపిల్లలు, ఆరు.
పైన వెనక తలుపు కింద
మూడో గీత.
అది చదువుతుండగానే
తలుపు తనంతట తాను తెరుచుకుంది.