ఆరో చెంచా

ఏప్రిల్ మొదటి శనివారం
వాన కాస్త తెరిపిచ్చింది.
చిక్కుడు గింజలు నాటాలని
ఎరువు కుప్పను అడుగు నుంచి తవ్వుతున్నాను.

ఇద్రిస్ ఉన్నన్నాళ్ళూ అది తన పని.
పైపైన తిప్పి, చేతులు దులుపుకుని
"అయిపోయిందోయ్" అని కేకేసేవాడు.
అడుగు ఎన్నడూ ముట్టలేదని
తను పోయిన రెండేళ్ళకు, ఇవాళ తెలిసింది.

కింద నల్లటి మెత్తదనం.
వేలితో పొడిస్తే వాన వాసన.
మా వంటిల్లంతా అక్కడ మట్టయింది.
ఏ ఆదివారం ఒలిచిన దుంపల తొక్కో,
ఏ రాత్రి పోట్లాడుకుని తినకుండా పారేసిన క్యాబేజీయో
ఎవరు చెప్పగలరు?
గుడ్డు పెంకులొక్కటే ఇంకా మొండికేసి
తెల్లగా ఉన్నాయి.

అప్పుడు పారకు ఏదో ఖంగుమంది.
రాయనుకున్నాను.
మా వేల్స్ కొండల్లో మట్టికన్నా పలకరాయే ఎక్కువ.
తీసి ఏప్రన్‌కు తుడిస్తే
చెంచా.
కాడ మీద ఫెర్న్ ఆకు చెక్కిన
మా అత్తగారి వెండి చెంచా.
ఆరింటిలో ఆరోది.

తొమ్మిదేళ్ళ కిందట
ఆవిడని మట్టిలో పెట్టి వచ్చిన సాయంత్రం
అందరి టీ కప్పులూ కడిగింది మా ఆడపడుచు నెస్టా.
మర్నాడు లెక్కపెడితే ఐదే.
నేనేమీ అనలేదు.
అంటే, ఆమెతో అనలేదు.
రొట్టెల కొట్టులో అన్నాను,
చాపెల్ మెట్ల మీద అన్నాను,
బస్సులో పక్క సీటు ఓల్వెన్‌తో
"అనకూడదు గానీ" అని మొదలుపెట్టి మరీ అన్నాను.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు.
పృథివి దాకా ఎందుకు, కొండ దాటితే చాలు.
నెస్టా ఇల్లు కొండకు అవతలే.

చెంచా జేబులో వేసుకుని
చాలాసేపు ఏమీ తోచక
కంచె వెంట దురదగొంటాకు కోశాను,
చేతికి తొడుగు లేకుండానే.
అది చేసే పని అది చేసింది.

వెన్నలో లీకులు సన్నసెగ మీద మగ్గాయి.
మొలకలొచ్చిన నిరుటి దుంపలు ఆఖరివి రెండు,
ఆ ఆకు గుప్పెడు, ఉప్పు, నీళ్ళు.
ఉడికితే కుట్టే ఆకు కూడా
పాలకూరకు చెల్లెలైపోతుంది.
నా నాలుక్కి ఎవరూ అలాంటి సెగ పెట్టలేదు.

సూపు డబ్బా తువ్వాల్లో చుట్టి బయల్దేరాను.
కారులో పదకొండు నిమిషాలు.
నడిస్తే గంటంబావు.
నడిచాను.
చెప్పాల్సిన మాట ఇంకా ఉడకలేదు మరి.

గొర్రెల దారి. తడి, జారుడు.
వాగు పక్కన అడవి వెల్లుల్లి పూతకొచ్చి
గాలి నిండా వంటింటి వాసన.
ముళ్ళపొదల పసుపు పూల దగ్గర మాత్రం
ఎప్పట్లాగే కొబ్బరి బిస్కెట్ల వాసన.
నిన్నో మొన్నో పుట్టిన గొర్రెపిల్ల
కాళ్ళు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు నిలబడింది.
కంచె మెట్లు ఎక్కుతూ ఒక మాట సిద్ధం చేసుకున్నాను,
దిగుతూ మరిచిపోయాను.
పైన గాలి అడ్డంగా కొట్టింది.
వెనక్కి చూస్తే పలకరాతి కప్పుల ఊరు
అరచేతిలో పట్టేంత.
అంత చిన్న ఊళ్ళో
నా నోరు ఎంత చోటు ఆక్రమించిందో!

నెస్టా తలుపు తీసింది, మోచేతుల దాకా పిండి.
చెంచా బల్ల మీద పెట్టాను.
"ఎరువు కుప్పలో దొరికింది.
టీ పిప్పితో పాటు నేనే విసిరుంటాను."
అంతకు మించి గొంతు పెగల్లేదు.

ఆమె చెంచాను కిటికీ వెలుగుకి పట్టి చూసింది.
గుంటలో ఇంకా కాస్త మట్టి.
వేలితో తీసి, నలిపి, వాసన చూసింది.
గడియారం చప్పుడు.
కెటిల్ చప్పుడు.
అప్పుడంది:
"తొమ్మిదేళ్ళు మాగిన ఎరువా?
నాకో రెండు బస్తాలు కావాలి.
నువ్వే మోసుకురావాలి.
ఈ కొండ మీదుగానే."

తర్వాత చెంచా కడిగి
నా డబ్బాలో ముంచి
ఉప్పు తక్కువైందంది.