పదిహేడో తూము

మండిబజార్ల పాత ఇనుము కొనే మోయిన్ భాయి
కాంటా మీద పెట్టి తూచిండు దాన్ని.
ఏడు కిలోల మూడొందల గ్రాములు.
నలభై ఎనిమిది రంధ్రాల మూతి,
పేరు గీకేసిన నొసలు.
"లోపల రాగి ఉంటది మేడం, ఇప్పుకుంటె పైసలొస్తయ్."
నేను రాగి కోసం రాలే.

కుమార్‌పల్లిల మేడ మీది అర్ర.
రాత్రి పదకొండు దాటినంక ప్లగ్గు పెడితే
నాలుగు పంకలు ఒక్కసారే లేచినయ్
వడ్ల మిల్లు లెక్క.
కింది పోర్షన్ రాజవ్వ తలుపు కొట్టింది:
"ఏం దంచుతున్నవ్ బిడ్డా గీ యాళ?"

అమ్మిన కంపెనీ దీన్ని ఎన్నడో మరిచింది.
దాని మాటలకు తాళం,
తాళంచెవికి ఏటేటా కిరాయి,
కిరాయి ఆగిందా, ఉన్న పానం పోయినట్టే.
ఆ తాళం మాటలన్ని తుడిచేసిన.
అందరు కలిసి రాసుకునేది, ఎవరూ అమ్ముకోనిది,
ఆ సిస్టం ఎక్కించిన.
నల్ల తెర మీద తెల్లక్షరాలు
చీమల బారు కట్టినయ్.

నలభై ఏడు దీపాలు వెలిగినయ్.
పదిహేడోది వెలగలే.

కేబుల్ మార్చిన. మాడ్యూల్ మార్చిన.
మూడు రాత్రులు నన్ను నేనే తిట్టుకున్న.
అప్పుడు యాదికొచ్చిండు
మా దామెర నీరటి ఓదెలు.
గుంటెడు పొలం లేదాయనకు,
ఊరి నీళ్లన్ని ఆయన పార చెప్పిన దిక్కే పారేటియి.
ఒక యాసంగి బుచ్చమ్మ మడికి నీళ్లెక్కలే.
కొత్త కాలువ తవ్వాలె అన్నరు ఒకలు,
మోటరు పెట్టుకొమ్మన్నరు ఇంకొకలు.
ఓదెలు ఏమనలే. దిగిండు.
తూములకు భుజం దాకా చెయ్యి పెట్టి
కండ్లు మూసుకొని, తడిమి తడిమి
తీసిండు:
ఒక తాంబేలు.
దాన్ని తిట్టలే. గట్టు మీద పెట్టిండు.

నేనూ చెయ్యి పెట్టిన.
ఎనిమిదేసి పోర్టులకు ఒక అర్ర,
మూడో అర్ర మొదటి తలుపు పదిహేడు.
ఆ తలుపు తీసే కోడ్‌ల
ఎఫ్ పక్కన ఎఫ్ ఉండాల్సిన కాడ
ఎఫ్ పక్కన ఈ.
ఎవరిదో నిద్ర చాలని రాత్రి. నాసొంటి రాత్రే.

ఒక్క అక్షరం మార్చిన.
ఎందుకు మార్చిన్నో ఎనిమిది వాక్యాలు రాసిన,
కింద నా పేరు పెట్టిన: వేముల సుభాషిణి.
ఏ దేశపాయనో, యోర్దాన్ అట, అడిగిండు:
వేరే పెట్టె మీద పరీక్షించినవా?
లేదు, అని రాసిన.
కిలోల లెక్కన కొన్నది గిది ఒక్కటే ఉన్నది.

పందొమ్మిది రోజులు జవాబు లేదు.
పాలిటెక్నిక్ ల్యాబుల పిల్లల రికార్డులు దిద్దిన,
వాన కొట్టింది, రెండుసార్లు కరెంటు పోయింది,
ఆయన నన్ను నవ్వుకున్నడేమో అనుకున్న.
ఇరవయ్యో నాడు వచ్చింది ఒక్క ముక్క:
కలిపినం.

రాజవ్వ మెట్లెక్కొచ్చి చూసింది.
"గీ పచ్చ దీపం కోసమా ఇన్ని రాత్రులు?
గిది ఎలిగితె ఎవలికి లాభం?"
తెల్వదు రాజవ్వా.
ఎక్కడనో ఎవలో గిసొంటి పెట్టెకే ప్లగ్గు పెడుతరు,
పదిహేడు వెలుగుతది,
వాళ్లు దాని దిక్కు చూడను కూడ చూడరు.
మరుసటేడు బుచ్చమ్మకు
తాంబేలు యాదిలనే లేదు.

పొద్దున మోయిన్ భాయి ఫోను:
"ఇంకోటొచ్చింది మేడం.
మూతి పగిలింది గని, నడుస్తదేమో.
కాంటా మీద పెట్టనా?"
ఆగు భాయి, అన్న,
ఇప్పకు, వస్తున్న.