నొక్కిపట్టు

శనివారం ఆఖరు తేదీ.
గురువారం మధ్యాహ్నం,
కరెంటు పోయి వచ్చిన అయిదో నిమిషంలో
గుంటూరు లాలాపేటలో నా కొట్టు మెట్టెక్కింది శౌరమ్మ.
ఆమెకంటే ముందు ఘాటొచ్చింది,
ఘాటుకంటే ముందు నా తుమ్ము.

మిర్చి యార్డులో తొడిమలు తీసే పని.
చేతిలో చింపిన అగరొత్తుల డబ్బా అట్ట,
అట్ట మీద మేస్త్రీ కొడుకు
బాల్ పెన్నుతో దింపిన లింకు,
మూడు వరసలు, నడుమ ఒక ఎర్ర మరక.
"ఇది కొట్టి చూడబ్బాయ్, కార్డుకి పెట్టుకోవాలంట."

కొట్టాను. రాలేదు.
ఇది ఒకటో, ఎల్లో, ఐయో,
అయ్యో, ఆమెకు తెలీదు, నాకూ తెలీదు,
రాసినవాడికి అసలే తెలీదు.
ఈ చుక్క చుక్కేనా
పెన్ను కాసేపు ఆగిన చోటా?
ఏడుసార్లు కొట్టాను.
ఏడుసార్లూ "దొరకలేదు" అంది తెర
రేషన్ డీలరు గొంతుతో.

మా నాన్న రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద
నకళ్ళు రాసి మమ్మల్ని పెంచాడు.
అంకె జారితే పక్కోడి చెక్క మనదైపోద్దిరా అనేవాడు.
ఉన్నదున్నట్టు దింపాలి,
తప్పుంటే తప్పుతో సహా.

"ఇది ఎవరన్నా ఫోనులో పంపారా నీకు?"
"పంపారు. అది చూసేగా పిల్లోడు అట్ట మీద ఎక్కించింది."
ఫోను ఆమె రవికెలో పర్సులోనే ఉంది.
లింకూ అందులోనే ఉంది,
నీలంగా, కింద గీతతో,
ఒక్క అక్షరం చెదరకుండా.

సరే, ఇట్టా రా. వేలు పెట్టు. తట్టకు.
తడితే తలుపు తెరుచుకుంటుంది,
ఇప్పుడు మనక్కావల్సింది తలుపు కాదు, చిరునామా.
నొక్కిపట్టు.
"ఎంతసేపు?"
అది నీకు జవాబు చెప్పేదాకా.

చూపుడు వేలిని తెర పట్టించుకోలేదు.
పదహారేళ్ళు తొడిమలు తుంచిన వేలు,
తోలు మందమై, గీతలరిగి,
ఆధార్ మిషనే రెండుసార్లు పొమ్మందంట.
తడిగుడ్డ ఇచ్చాను.
తుడుచుకుని, ఉంగరం వేలితో పట్టింది.
చిన్న పెట్టె లేచింది. అందులో కాపీ.

"ఏదీ, ఏం రాలేదే?"
కాపీ అయింది.
"అయితే ఎక్కడుంది?"

ఇరవై ఏళ్ళుగా ఇదే పని నాది.
ఎవరూ అడగలేదు ఆ మాట.
తీసుకున్నాక, ఇంకా పెట్టకముందు
అది ఎక్కడుంటుంది?
నేను తడుముకుంటుంటే ఆమే అంది,
"చెంగున ముడేసినట్టా?"
అట్టాగే. కాకపోతే ఒకటే ముడి.
ఇంకోటి కాపీ కొట్టావా, మొదటిది జారిపోద్ది.

ముడి విప్పే చోటు చూపించాను.
ఖాళీ గడిలో మళ్ళీ నొక్కిపట్టు, పేస్ట్.
కంప్యూటర్లో అయితే
కంట్రోల్ పట్టుకుని సి, ఆనక వి.
"పేస్టుకి పి కదా ఉండాల్సింది?"
పి నొక్కితే ప్రింటరు లేస్తుంది,
అయిదు రూపాయలవుద్ది అన్నాను.
వద్దులే, వి యే బాగుంది అంది.

"ఇచ్చినాక మన దగ్గర పోద్దా?"
పోదు. కట్ జోలికెళ్ళకు, అంతే.
కాసేపు ఫోను వంక చూసి,
"ఇదేదో మంచి బేరమే" అంటూ మెట్టు దిగింది.

శుక్రవారం పొద్దున్నే ఫోను.
"అబ్బాయ్, ముడి జారింది.
లింకనుకుని మా గుంపులో నలభై ముగ్గురికి
మా ఆడబిడ్డ పంపిన గోంగూర కొలతలు పెట్టా."
ఏమన్నారు?
"ఉప్పెక్కువైందన్నారు."

శనివారం సాయంత్రం
నా కొట్లో పదకొండు మంది, పదకొండు ఘాట్లు.
తుమ్మి తుమ్మి కళ్ళు తుడుచుకుని చూద్దును గదా
ఒక్కరి చేతిలోనూ అట్ట లేదు.
అందరూ ఫోనులు అరచేతుల్లో పరుచుకుని
నీలం గీత మీద,
ఊపిరి బిగబట్టి,
ఉంగరం వేలు నొక్కిపట్టి నిలబడ్డారు.

చూపుడు వేలూ పనిచేస్తుందని
నేను చెప్పలేదు.