పురికొసకు వేలాడే పుస్తకం

గుణుపురంలో, స్టేషన్ రోడ్డు మలుపులో
తవిటయ్య టీ కొట్టు రాటకి
పురికొసతో ఒక పుస్తకం వేలాడుతుంది.
మొదట అది అప్పుల పద్దు.
ఒక వానాకాలం చూరు కారి
సగం అప్పులు నీలంగా కరిగిపోయాక
"పోనాయి, ఏటి సేస్తాం" అని
మిగిలిన తెల్లకాగితాలు వీధికి వదిలేశాడు.

అందులో మేం రాస్తాం.
ఏం రాస్తాం? వండిందే రాస్తాం.
గీతకీ గీతకీ మధ్య
ఒక పూట పడుతుంది, అంతకు మించి పట్టదు.

"చోడి అంబలి. ఉల్లిపాయ. మజ్జిగ పక్కింటిది."
ఇది నేను, జ్యేష్ఠంలో, ఒక మంగళవారం.
కింద సుకాంతి టీచరమ్మ తన ఒడియాలో
పఖాళ అనీ, బడి చూరా అనీ.
వాళ్ళ అక్షరాలూ గుండ్రమే, మావీ గుండ్రమే,
ఒకే పెనం మీద పోసిన రెండు అట్లలాగ
అంచులు తాకీ తాకకుండా ఉంటాయి.
ఆవిడది నేను కూడబలుక్కుంటాను.
నాది ఆవిడ తవిటయ్యని అడిగి తెలుసుకుని
"మళ్ళీ అంబలేనా" అని నవ్వుతుంది.

నేను బియ్యం మిల్లులో కాటా గుమస్తాని.
పొద్దంతా లారీల మీద క్వింటాళ్ళు రాసిన చేతికి
సాయంత్రం అర కిలో కందిపప్పు పొట్లం
ఎంత తేలికో, ఎంత భద్రమో.
ఒక గది, ఒక పొయ్యి, రెండు గిన్నెలు.
మూడో గిన్నె కొన్న నెలలో
దాన్ని తోమలేక ఎవరికో ఇచ్చేశాను.

సంతరోజు కొండ దిగే సొంబారికి రాత రాదు.
చింతపండు తట్ట దించి, టీ తాగి,
అందరూ ఏం రాస్తున్నారో అడిగి,
పొద్దున తను వండిన ఆకుకూరలోంచి
ఒక ఆకు తీసి పేజీలో పెట్టి మూసేసింది.
వారం తర్వాత తెరిస్తే
ఆకు పొడిపొడి,
కాగితం మీద మాత్రం ఈనెలతో సహా
పచ్చని మరక.
మాలో ఎవరూ అంత సరిగ్గా రాయలేదు.

మొన్న శ్రావణంలో ఒకరోజు
పేరు లేకుండా, పెన్సిల్‌తో, పక్కకి వాలిన రాత:
"ఏమీ లేదు."
మర్నాడూ అదే.
మూడోరోజు "లేదు" ఒక్కటే.

తవిటయ్య గ్లాసులు కడుగుతూ ఎవరి మొహమూ చూడలేదు.
చూస్తే తెలిసిపోతుందని భయం కాబోలు.
బెంచీ మీద ఆరుగురం కూర్చుని
ఆరుగురమూ వానని చూశాం.

ఆ రాత్రి నేను ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోశాను.
తెల్లవారి పుస్తకంలో
"చారూ అన్నమూ కొట్టు వెనక గట్టు మీద ఉన్నాయి.
గిన్నె నాకున్న రెంటిలో ఒకటి, తిరిగి పెట్టండి" అని రాశాను.
టీచరమ్మ కింద ఇంకో గీత నింపింది,
ఏదో డాల్మా గురించి.
తవిటయ్య ఏమీ రాయలేదు,
రెండు బన్నులు మాత్రం లెక్కలో తగ్గాయి.

సాయంత్రం గిన్నె బోర్లించి ఉంది,
బూడిదతో తోమి,
నేను తోమే దానికన్నా తెల్లగా.
ఎవరో మాకు తెలీదు.
తెలుసుకోవాలని ఎవరం కొట్టు వెనక్కి వెళ్ళలేదు.

నాలుగు రోజులు అలా నడిచింది.
అయిదోరోజు పుస్తకం తెరిస్తే
అదే వాలు రాత, ఈసారి కాస్త నొక్కి:
"చారులో ఉప్పు తగ్గింది."

తవిటయ్య టీ వడకట్టడం ఆపి నవ్వాడు,
టీచరమ్మ చదివించుకుని మరీ నవ్వింది.
నాకు మాత్రం పౌరుషం పొడుచుకొచ్చింది.
ఇంటికెళ్ళి గిన్నె అడుగున మిగిలిన చారు
వేలితో నాకి చూశాను.

నిజమే.
మర్నాడు చిటికెడు ఎక్కువే వేశాను.