ఎన్ మీది అల

వాల్పరైసోలో తాడు బండి ఆగే చోటికి
మూడిళ్ళ అవతల నా దుకాణం.
తలుపు మీద బోర్డు లేదు.
బోర్డులు రాసేదానికి బోర్డు లేదేమని
వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు.
వచ్చారు కదా, అంటాను.
అది గొప్పకి అనే మాట.
పదకొండేళ్ళుగా నా వంతు రాలేదు, అంతే.

మొన్న శాంటియాగో నుంచి ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడొచ్చాడు.
నెలకి నలభై వేలమంది కళ్ళలో పడేలా చేస్తానన్నాడు.
కళ్ళలో పడేది నలుసు బాబూ, అన్నాను.
నవ్వలేదు.
వెండి, బంగారం, ప్లాటినం,
మూడు ప్యాకేజీలు బల్ల మీద పరిచాడు.
నాకున్న కుర్చీలు రెండు.
ఒకదాంట్లో పిల్లి.
నలభై వేలమందొస్తే ఎక్కడ కూర్చోబెట్టను?

అతనికి చెప్పలేదుగానీ
నాకు తెలిసిన చాటింపు ఒక్కటే.
అదీ నేను వేయించింది కాదు.

ఆ డిసెంబరు ఎండల్లో
రొట్టెల కొట్టు ఫెలీసా
కొత్త సంవత్సరానికి బ్యానరు అడిగింది.
పన్నెండు మూరల గుడ్డ, అరచెయ్యంత తీరిక.
మా భాషలో సంవత్సరమనే మాటకి
ఎన్ మీద ఒక అల ఉంటుంది,
కనుబొమ్మంత.
అది జారిపోతే సంవత్సరం కాస్తా
మనిషి వెనక్కి పోతుంది.

రాత్రి రెండింటికి ప్రింటుకిచ్చాను.
అల రాలేదు.
తెల్లారేసరికి ఫెలీసా రొట్టెల కొట్టు
ఊరందరికీ
సుఖసంతోషాల ముడ్డిని కోరుకుంటోంది.

"మిరెయా!" అని ఫోను.
ఆ పిలుపుకి ఫోనక్కర్లేదు,
కిటికీ తెరిస్తే వినపడేది.

సొరుగులో కాగితముంది.
'సరిచూసుకున్నాను' అని కింద ఆమె సంతకం.
తప్పు నాది కాదని గెలవడానికి అది చాలు.
గెలిచి?
రొట్టెలెక్కడ కొనుక్కోను?

నీలం రంగు డబ్బా, నిచ్చెన పట్టుకెళ్ళాను.
పూలమ్మే ఎవరిస్తో నిచ్చెన పట్టుకున్నాడు,
సగం సేపు ఎవరితోనో కబుర్లాడుతూ.
సముద్రపు గాలికి గుడ్డ ఒకచోట నిలవదు.
కింద జనం.
"ఇంకాస్త పైకి!" అని ఒక నావికుడు.
కుంచె తగిలీ తగలకుండా
అక్షరం నెత్తిన అల వేశాను.
రంగు కలవలేదు. ఒక చుక్క కారింది కూడా.
చప్పట్లు కొట్టారు.
ఫెలీసా కొట్టలేదు.
ఆ పూట రొట్టెలకి
పైసా తగ్గించకుండా తీసుకుంది.

వారం తర్వాత శవపేటికల అబ్దోన్ వచ్చాడు.
టోపీ చేతిలో పట్టుకుని
"అల వేసింది నువ్వేనా?" అన్నాడు.
"నాకూ బోర్డు కావాలి,
ఎవర్నీ తొందరపెట్టని అక్షరాలతో."
నలభై రోజులు పట్టింది ఆ అక్షరాలకి.
తొందరపెట్టలేదు, మాట మీద నిలబడ్డాడు.

కస్టమరు దేవుడంటారు.
దేవుడైతే లోగో ఆరుసార్లు మార్పించి
మొదటిదే బాగుందనడు.
ఒక హోటలాయన ఏడోసారి అడిగితే
ఫోను పెట్టేశాను.
తర్వాత పిల్లిని కూడా కసురుకున్నాను.
నేనేం సాధువుని కాను.

అలా అనుకోవడానికి వీల్లేకుండా
వెనక గదిలో, వార్తాపత్రికల చుట్టలో
ఇంకో బోర్డుంది.
గడియారాల రిగొబెర్తోది.
డబ్బు ముందే ఇచ్చాడు.
వచ్చే వారం, వచ్చే వారం అంటూ
ఎనిమిది నెలలు నడిపాను.
గడియారాలాయనకి వారమంటే ఎంతో తెలియదా?
ఒక్క మాటనలేదు.
దారిలో కనిపిస్తే టోపీ ఎత్తేవాడు.
బోర్డు పూర్తయిన రోజు తీసుకెళ్తే
కొట్టుకి తాళం.
లోపల ఖాళీ గోడ మీద మేకులు,
ఒక్కో మేకు కింద గుండ్రటి మరక.
ఎక్కడికెళ్ళాడో పక్కవాళ్ళకీ తెలీదు.

ఫెలీసా అరిచింది కాబట్టి నిచ్చెన పట్టుకెళ్ళాను.
అరవని మనిషి వాకిట్లో
నిచ్చెన ఎక్కడ ఆనించాలి?

కుర్రాడి కార్డు బల్ల మీదే ఉంది.
రాత్రి చూశాను,
అతని కంపెనీ పేరులోనే
ఒక అచ్చు మీద గీత లేదు.
రేపు ఫోన్ చేసి చెప్పాలి,
అతనికి ఎవరూ చెప్పివుండరు.