ఫోన్ చేసి చెప్పాల్సిన అంకె

హల్ రేవు మీద ఇంకా తెల్లారలేదు.
ల్యాబ్‌లో నేనూ, గుర్రుపెట్టే యంత్రమూ.

గొట్టం మీద పేరు విల్ఫ్రెడ్ స్టోర్.
డాక్టరు గిలికిన చీటీలో: ఆయాసం,
ముప్ఫై ఏళ్ళు చేపల పడవల మీద,
"వయసే, ఇంకేముంది" అంటాడు,
బూటు లేసులు కట్టడం మానేశాడు.

మనిషి దాస్తాడు. గుండె దాచలేదు.
గోడలు సాగి సాగి, ఓర్చుకోలేక
నెత్తుట్లోకి ఒక ఫిర్యాదు వదుల్తుంది.
అది చదవడానికే నాకు జీతం.

నాలుగొందలు దాటితే అనుమానించాలి.
తెర మీద నాలుగు వేల పన్నెండు.
నమ్మక మళ్ళీ నడిపాను.
నాలుగు వేల ముప్ఫై.

ఫోనెత్తాను. అవతల నిద్రగొంతు
ఒక్కో అంకే తిరిగి అప్పజెప్పింది.

విల్ఫ్రెడ్ ఈపాటికి కుర్చీలోనే కునుకు తీస్తుంటాడు,
సముద్రంలో ఏనాడూ మునగనివాడు,
పక్క మీద వాలితే మునిగిపోతున్నానని
ఎవరితోనూ అనకుండా.